స్వయంభూ చైత్యం - కోతులు కాపురమున్న కొండ

నేపాల్ రాజధాని ఖాట్మండు నగరానికి పడమటి దిక్కున, విష్ణుమతీ నదికి ఆవలి వైపున, చెట్లు కమ్ముకున్న ఒక చిన్న కొండ ఉన్నది. దాని శిఖరాన తెల్లని గుమ్మటం, ఆ గుమ్మటం మీద బంగారు పూత పూసిన గోపురం, నాలుగు దిక్కులకూ చూస్తున్న కన్నులు దూరానికే కనబడతాయి. ఇదే స్వయంభూనాథ చైత్యం. హిమాలయ ప్రాంతపు బౌద్ధులకు ఇది పరమ పవిత్ర క్షేత్రం. పరదేశీ యాత్రికులు మాత్రం దీనిని 'కోతుల గుడి' అని పిలుస్తారు. కొండ నిండా వందల సంఖ్యలో కోతులు తరతరాలుగా నివసించడమే ఆ పేరుకు కారణం.

మన ప్రాంతాల నుండి కాశీ, గయ యాత్రలకు వెళ్లే కుటుంబాలలో కొన్ని అక్కడి నుండి నేపాల్‌కు కూడ వెళ్లి పశుపతినాథుని దర్శించి వస్తాయి. అలా వెళ్లినవారు స్వయంభూ కొండను కూడ ఎక్కుతారు. ఆ కొండ చరిత్ర ఏమిటి, అక్కడి కోతులకు పవిత్రత ఎలా వచ్చింది, వాటి మధ్య పిల్లాపాపలతో ఎలా మెలగాలి అన్న విషయాలు ముందుగా తెలిసి ఉంటే యాత్ర సార్థకమవుతుంది. తెలియకపోతే చేతిలోని అరటిపండు పోవడంతో ఆగక, ఒక్కొక్కప్పుడు ప్రాణం మీదికి కూడ వస్తుంది.

సరస్సు ఎండి లోయ అయిన కథ

స్వయంభూ పురాణం అనే నేపాల్ బౌద్ధ గ్రంథంలో ఈ క్షేత్రం పుట్టుక వివరంగా ఉన్నది. ఖాట్మండు లోయ పూర్వం నాగులు నివసించే ఒక మహా సరస్సు. విపశ్వి బుద్ధుడు ఆ నీటిలో ఒక తామర విత్తనం వేశాడు. దాని నుండి సహస్రదళ పద్మం పూసింది. ఆ పద్మంలో ఎవరూ వెలిగించని జ్యోతి తనంత తానుగా వెలిగింది. తనంత తాను పుట్టినది గనుక స్వయంభువు. శివలింగాల విషయంలో మనం వాడే స్వయంభువు అన్న మాటా ఇదే.

ఆ జ్యోతిని దర్శించడానికి చీనా దేశం నుండి మంజుశ్రీ బోధిసత్త్వుడు వచ్చాడు. మనుష్యులందరికీ ఆ దర్శనం కలగాలన్న తలంపుతో దక్షిణాన ఉన్న కొండను తన ఖడ్గంతో చీల్చాడు. నీరంతా ఆ చీలిక గుండా బయటికి పోయి లోయ ఏర్పడింది. పద్మం ఉన్నచోటు కొండ అయింది. ఖాట్మండుకు దక్షిణాన చోభార్ అనే చోట బాగ్మతీ నది ఇరుకైన కొండ గండి గుండా పారుతుంది. మంజుశ్రీ ఖడ్గం తగిలిన చోటు అదేనని స్థానికులు చూపుతారు. ఆ లోయ ఒకప్పుడు నిజంగానే సరస్సుగా ఉండేదని భూగర్భ శాస్త్రజ్ఞులు అక్కడి మట్టి పొరలను పరిశీలించి నిర్ధారించారు.

కోతుల పుట్టుక కూడ ఈ కథకు అల్లుకున్నదే. మంజుశ్రీ ఆ కొండ మీద ఉన్నకాలంలో ఆయన జుట్టు పెరిగి అందులో పేలు పడ్డాయట. రాలిన వెంట్రుకలు చెట్లయ్యాయి; పేలు కోతులయ్యాయి. ఈ కథ విన్న పిల్లలకు నవ్వు వస్తుంది. ఆ కొండ వారికి మాత్రం ఇది నవ్వులాట కాదు. బోధిసత్త్వుని తల నుండి పుట్టినవి గనుక చెట్లను నరకరాదు, కోతులను కొట్టరాదు. అటవీ చట్టాలేవీ లేని కాలంలో ఆ కొండ మీద చెట్టునూ జంతువునూ నిలబెట్టినది ఈ నమ్మకమే.

బౌద్ధ సంప్రదాయంలో కోతికి వేరే చోట్ల కూడ గౌరవ స్థానమున్నది. వైశాలిలో ఒక కోతి బుద్ధునికి తేనె సమర్పించిన ఘట్టం ఆయన జీవితంలోని ఎనిమిది మహా ఘట్టాలలో ఒకటి. మహాకపి జాతకంలో వానరరాజు తన శరీరాన్నే వంతెనగా పరచి తన మందను ఆపద నుండి దాటిస్తాడు. ఆ కథా శిల్పం సాంచీలోనూ, భర్హుత్‌లోనూ ఉన్నది. హనుమంతుని కొలిచే మన ఇళ్లవారికి ఈ భావన కొత్తది కాదు.

చైత్యాన్ని చూడడం ఎలా

కొండపైకి రెండు దారులున్నాయి. తూర్పు వైపున 365 మెట్ల రాతి దారి ఉన్నది. ఇది 17వ శతాబ్దంలో ప్రతాప మల్ల మహారాజు కట్టించినది. పైకి పోయేకొద్దీ మెట్లు నిటారుగా ఉంటాయి. చివరి మెట్లు ఎక్కడానికి పడుచువారు సైతం ఇనుప కమ్మీని పట్టుకుంటారు. మోకాళ్ల నొప్పులున్న పెద్దలు నైరుతి వైపున ఉన్న వాహనాల దారిన వెళ్లడం మంచిది. అక్కడి నుండి ఎక్కవలసిన మెట్లు తక్కువ.

తూర్పు మెట్ల పొడుగునా గరుడులు, సింహాలు, ఏనుగులు, గుర్రాలు, నెమళ్లు జంటజంటలుగా రాతిలో కనబడతాయి. ఇవి పంచ ధ్యాని బుద్ధుల వాహనాలు. అక్షోభ్యునికి ఏనుగు, రత్నసంభవునికి గుర్రం, అమితాభునికి నెమలి, అమోఘసిద్ధికి గరుడుడు, వైరోచనునికి సింహం. కోతి ఈ వాహనాలలో లేదు. కాని ఆ రాతి గరుడుని తల మీద కూర్చుని పేలు చూసుకుంటూ ఉండేది కోతే.

చైత్యం చుట్టూ ఎడమ నుండి కుడికి, అంటే మన గుడులలో వలెనే ప్రదక్షిణం చేయాలి. తెల్లని అర్ధగోళం మీద చతురస్రాకారపు భాగం ఉంటుంది. దాని నాలుగు ముఖాల మీద బుద్ధుని కన్నులు చిత్రించి ఉంటాయి. కన్నుల మధ్య ముక్కువలె కనబడేది నిజానికి నేపాలీ లిపిలోని ఒకటి అంకె. సర్వం ఒక్కటే అని దాని భావంగా చెబుతారు. ఆపైన 13 వలయాలున్న గోపురం. ఇవి బోధికి చేర్చే 13 భూములకు సంకేతాలు. కొన మీద ఛత్రం. గోపురానికి 2008 - 2010 మధ్య సుమారు 20 కిలోల బంగారంతో కొత్త పూత పూశారు. అర్ధగోళం అడుగున చుట్టూ ధ్యాని బుద్ధుల గూళ్లు, వాటి మధ్య వరుసగా ప్రార్థనా చక్రాలు ఉంటాయి. భక్తులు వాటిని కుడిచేత తిప్పుతూ నడుస్తారు.

ఇటువంటి చక్రాలను చూడడానికి మన సరిహద్దు ప్రాంతాల వారు నేపాల్ దాకా పోనక్కరలేదు. ఒడిశా గజపతి జిల్లా చంద్రగిరి ప్రాంతంలో జిరంగ్ వద్ద, కర్ణాటకలో మైసూరు జిల్లా బైలకుప్పె వద్ద టిబెటన్ల విహారాలున్నాయి. స్తూపం మనకు ఇంకా పాత చుట్టం. అమరావతి మహాచైత్యం, అనకాపల్లి దగ్గరి బొజ్జన్నకొండ, వంశధార ఒడ్డున ఉన్న శాలిహుండం మన నేల మీదివే. ప్రాచీన ఆంధ్రదేశపు ఈ స్తూపాలు శిథిలాలుగా మిగిలాయి. స్వయంభూ చైత్యంలో పూజ నేటికీ సాగుతున్నది. దీపం, ధూపం, మంత్రం, జనం ఉన్న స్తూపం ఎలా ఉంటుందో తెలియాలంటే ఆ కొండ ఎక్కాలి.

5వ శతాబ్ద ప్రారంభంలో వృషదేవ మహారాజు ఈ చైత్యాన్ని నెలకొల్పాడని నేపాల్ వంశావళి చెబుతున్నది. 1349లో బెంగాల్ సుల్తాను షంసుద్దీన్ ఇలియాస్ దండయాత్రలో ఇది దెబ్బతిన్నది, తరువాత పునరుద్ధరించారు. 1979లో ఖాట్మండు లోయలోని ఇతర కట్టడాలతో పాటు యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. మెట్లు ముగిసేచోట ఇరుప్రక్కలా ప్రతాప మల్లుడు నిర్మించిన అనంతపుర, ప్రతాపపుర అనే రెండు శిఖరాలయాలు, వాటి నడుమ పెద్ద వజ్రాయుధం ఉన్నాయి. 2011లో ప్రతాపపురం మీద పిడుగు పడింది. 2015 ఏప్రిల్ 25 నాటి భూకంపంలో అనంతపురం కూలిపోయింది. తరువాత దానిని తిరిగి కట్టారు.

హారీతి గుడి - పిల్లల తల్లి

చైత్యానికి దగ్గరలోనే రెండంతస్తుల కప్పుతో ఒక చిన్న గుడి ఉంటుంది. ఎప్పుడు చూసినా అక్కడ తల్లులు, పిల్లలు, పళ్లేలలో నైవేద్యాలు. ఇది హారీతి గుడి. స్థానిక నేవారులు ఆమెను 'అజిమా' అంటారు. ఆ మాటకు అమ్మమ్మ అని అర్థం. హారీతి మొదట పసిపిల్లలను తినే యక్షిణి. ఆమెకు 500 మంది పిల్లలు. బుద్ధుడు వారిలో కడగొట్టు బిడ్డను దాచిపెట్టాడు. ఒక్క బిడ్డ కనబడకపోతేనే ఇంత దుఃఖమైతే, ఉన్న ఒక్క బిడ్డనూ పోగొట్టుకున్న తల్లుల మాటేమిటని ఆమెను అడిగాడు. ఆనాటి నుండి ఆమె పిల్లలను కాపాడే తల్లి అయింది. మశూచి నుండి కాపాడమని నేపాలీయులు ఆమెకు మొక్కుకునేవారు.

పోచమ్మకు, మారెమ్మకు చద్ది నైవేద్యం పెట్టిన మన గ్రామాల పెద్దలకు ఈ గుడి ముందు కొత్తదనం తోచదు. మశూచి సోకితే 'అమ్మవారు పోసింది' అనడం మన పలుకుబడి. నాగార్జునకొండ తవ్వకాలలో కూడ ఇక్ష్వాకుల కాలపు హారీతి ఆలయం బయటపడింది. కృష్ణ ఒడ్డున పూజలందుకుని మరుగున పడిన తల్లి హిమాలయపు లోయలో ఇంకా నైవేద్యం అందుకుంటున్నది.

ఇక్కడ హిందువెవరు, బౌద్ధుడెవరు అని విడదీయడం కష్టం. నేవారు కుటుంబాలలో చాలామంది రెండు సంప్రదాయాలనూ పాటిస్తారు. ఇంట ఒక భాష, బజారులో ఒక భాష మాట్లాడుతూ ఇద్దరి పండుగలూ చేసుకునే సరిహద్దు గ్రామాలవారికి దీనిని ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు.

హారీతికి పెట్టే నైవేద్యంలో అన్నం, అటుకులు, పళ్లు, మిఠాయిలు ఉంటాయి. పళ్లెం దించగానే గుడి కప్పు మీది కోతి కిందికి దిగుతుంది. కోతుల సమస్య మొదలయ్యేదీ ఇక్కడే.

భక్తి పెట్టిన చిక్కు

స్వయంభూ కొండ మీదివి రీసస్ జాతి కోతులు. అడవిలో ఇవి ఆకులు, పళ్లు, గింజలు, పురుగులు వెతుక్కుంటూ పగటిలో చాలా భాగం గడుపుతాయి. వీటి మందలో ఆడకోతులు పుట్టిన మందను విడిచిపోవు. తల్లి అంతస్తే కూతురికి వస్తుంది. మగవి ఎదిగిన తరువాత వేరే మందకు పోతాయి. తిండి చెదురుమదురుగా దొరికేచోట మంద కూడ చెదిరి తింటుంది, తగవులు తక్కువ. ఒకేచోట కుప్పగా దొరికితే బలమైనవి ముందుకు వస్తాయి, బలహీనమైనవి దెబ్బలు తింటాయి. గుళ్ల దగ్గరి కోతులకు ఒంటి మీద గాయాలు, తెగిన చెవులు కనబడడానికి ఇదొక కారణం.

మనుష్యులు పెట్టే తిండికి అలవాటు పడిన కోతులలో మూడు మార్పులు వస్తాయని పరిశోధకులు పలుచోట్ల గమనించారు. మొదటిది, అవి అడవి తిండి వెతకడం తగ్గిస్తాయి. రెండవది, సులభంగా కడుపు నిండడం వలన పిల్లలు ఎక్కువగా బ్రతికి మంద త్వరగా పెరుగుతుంది. మూడవది, మనిషి అంటే భయం పోతుంది. భయం పోయిన కోతి ముందు చేయి చాస్తుంది, తరువాత సంచి లాగుతుంది, ఇవ్వకపోతే కరుస్తుంది. దానికి తెలిసినదల్లా ఒక్కటే: ఈ రెండు కాళ్ల జీవి చేతిలో ఎప్పుడూ తిండి ఉంటుంది. ఆ పాఠం నేర్పినవాడు మనిషే.

ప్రసాదంతో పాటు నేడు పొట్లాల మిక్చరు, బిస్కట్లు, తియ్యని పానీయాల సీసాలు కూడ కోతుల చేతికి పోతున్నాయి. ప్లాస్టిక్ తొడుగును కోతి చింపి పారేస్తుంది. ఒక్కొక్కప్పుడు తిండితో పాటు మింగుతుంది కూడ. నమ్మకం వలన వెనుకటి కాలంలో రక్షణ పొందిన జంతువు, అదే నమ్మకంతో పెట్టిన తిండి వలన నేడు జబ్బుల పాలవుతున్నది.

నారాలో జింకలు, థాయ్‌లాండ్‌లో పులులు

ఈ చిక్కు స్వయంభూ కొండకే పరిమితం కాదు. పవిత్ర జంతువులకు పేరుబడిన మరి రెండు బౌద్ధ క్షేత్రాల అనుభవం కూడ తెలుసుకోదగినది.

జపాన్‌లోని నారా నగరంలో తోదైజీ అనే ప్రాచీన బౌద్ధాలయం చుట్టూ జింకలు స్వేచ్ఛగా తిరుగుతాయి. పక్కనే ఉన్న కసుగ దేవాలయపు దేవత తెల్ల జింక నెక్కి వచ్చాడన్న నమ్మకం వాటిని కాపాడింది. యాత్రికులు వాటికి ఏదిపడితే అది పెట్టకుండా, తవుడు, పిండితో చేసిన చక్కెర లేని ప్రత్యేకమైన అప్పచ్చులనే అక్కడ అమ్ముతారు. ఆ ఆదాయంలో కొంత జింకల సంరక్షణకు పోతుంది. అంత ఏర్పాటు ఉన్నప్పటికీ 2019లో చనిపోయిన కొన్ని జింకల కడుపులలో ప్లాస్టిక్ సంచుల ముద్దలు బయటపడ్డాయి. ఒకదాని కడుపులో 4 కిలోలకు పైగా ఉన్నది.

థాయ్‌లాండ్‌లోని కాంచనబురి ప్రాంతంలో ఒక విహారం పులులతో ప్రసిద్ధి పొందింది. పులి పక్కన కూర్చుని ఫొటో తీయించుకోవడానికి పరదేశీయులు డబ్బు కట్టేవారు. 2016లో ప్రభుత్వ అధికారులు అక్కడి నుండి వందకు పైగా పులులను తరలించారు. శీతల పెట్టెలో 40 దాకా పులి కూనల కళేబరాలు దొరికాయి. ఆ తరువాత పులుల ప్రదర్శన మూతపడింది.

నారాలో కట్టుబాటు ఉన్నందున జింక నేటికీ జింకగానే తిరుగుతున్నది. కాంచనబురిలో పవిత్రత అంగడి సరుకయింది. స్వయంభూ కొండ ఈ రెంటి నడుమ ఉన్నది. అక్కడి కోతులను ఎవరూ బోనులో పెట్టలేదు, ఎవరూ అమ్మలేదు. అవి ఏ దారిన పోతాయన్నది మెట్లు ఎక్కే యాత్రికుల చేతిలో ఉన్నది.

కోతుల నడుమ మెలగవలసిన తీరు

పిల్లలతో వెళ్లేవారు కొండ ఎక్కక ముందే ఈ జాగ్రత్తలు చెప్పి ఉంచాలి.

పండ్లు, చిరుతిండి, ప్లాస్టిక్ కవరు చేత పట్టుకోరాదు. అన్నిటినీ మూసిన సంచిలో పెట్టుకోవాలి. కవరు చప్పుడు వింటే చాలు, కోతికి తిండి గుర్తుకు వస్తుంది. కళ్లద్దాలు, టోపీలు, సెల్‌ఫోన్లు కూడ జాగ్రత్తగా చూసుకోవాలి.

కోతి కళ్లలోకి తదేకంగా చూడరాదు. వాటి భాషలో అది పోట్లాటకు పిలుపు. పళ్లు కనబడేలా నవ్వరాదు. కోతుల నడుమ పళ్లు చూపడానికి అర్థం వేరు. పిల్లకోతి ఎంత ముద్దుగా ఉన్నా దగ్గరికి పోరాదు, దానికీ తల్లికీ మధ్య నిలబడరాదు.

కోతి వస్తువును లాక్కుంటే వదిలేయాలి. గుంజుకుంటేనే కాటు పడుతుంది. కేకలు వేసి పరుగెత్తకుండా, ముఖం దానివైపే ఉంచి మెల్లగా వెనుకకు నడవాలి. పసిపిల్లలను ఎత్తుకోవాలి.

హారీతికి గాని, చైత్యానికి గాని నైవేద్యం పెట్టదలచినవారు గుడిలోని పూజారి చేతికే అందించాలి. మెట్ల మీద, గోడల మీద వెదజల్లరాదు. కోతులకు దానం చేయాలన్న తలంపు ఉంటే ఆ మొత్తాన్ని ఆలయ హుండీలో వేయవచ్చు.

కాటు పడితే

కోతి కాటును, గీరును తేలికగా తీసుకోరాదు. కుక్కల వలె కోతుల ద్వారా కూడ రేబిస్ సోకే అవకాశమున్నది. కుక్కలతో పోలిస్తే అది తక్కువే. అయినా రేబిస్ లక్షణాలు బయటపడిన తరువాత మనిషిని బ్రతికించడం దాదాపు అసాధ్యం గనుక ఏ కాటునూ ఉపేక్షించరాదు.

మొదట చేయవలసినది గాయాన్ని సబ్బుతో, ధారగా పారే నీటి కింద 15 నిమిషాలు కడగడం. పసుపు, సున్నం, కారం, ఆకు పసరు వంటివి పూయరాదు. కట్టు బిగించరాదు. వెంటనే ఆసుపత్రికి పోవాలి. ఖాట్మండులో టేకు ప్రాంతంలో ఉన్న శుక్రరాజ్ ఉష్ణమండల, అంటువ్యాధుల ఆసుపత్రిలో రేబిస్ టీకా వేస్తారు. గాయం నుండి రక్తం వస్తే టీకాతో పాటు గాయం దగ్గర ఇమ్యూనోగ్లోబ్యులిన్ అనే మందు కూడ ఇవ్వవలసి ఉంటుంది. టీకా ఒక్క మోతాదుతో ముగియదు. మిగిలిన మోతాదుల తేదీలు రాయించుకుని, ఆ చీటీ వెంట తెచ్చుకుని, ఇంటికి వచ్చిన తరువాత ప్రభుత్వ ఆసుపత్రిలో పూర్తి చేయించుకోవాలి. ఊరు చేరాం, గాయం మానింది గదా అని మధ్యలో ఆపరాదు.

ఒకప్పుడు పిల్లల ప్రాణం కోసం తల్లులు హారీతికి మొక్కుకున్నది మశూచి భయంతో. ఆ వ్యాధి టీకా వలన 1980 నాటికి భూమి మీదనే లేకుండా పోయింది. మొక్కు చెల్లించే చేతితోనే టీకా చీటీని కూడ భద్రపరచుకుంటే అమ్మవారికి కోపం రాదు.

ప్రయాణ వివరాలు

నేపాల్ వెళ్లడానికి భారత పౌరులకు వీసా అక్కరలేదు. పాస్‌పోర్టు గాని, ఎన్నికల సంఘం ఇచ్చిన ఓటరు గుర్తింపు కార్డు గాని ఉండాలి. ఆధార్ కార్డు 15 ఏళ్లలోపు పిల్లలకు, 65 ఏళ్లు దాటిన పెద్దలకు మాత్రమే చెల్లుతుందని భారత ప్రభుత్వం 2019లో ప్రకటించింది. నడివయసువారు ఆధార్ ఒక్కటే పట్టుకుని సరిహద్దు దాకా పోయి ఇబ్బంది పడరాదు.

రైలు మార్గాన గోరఖ్‌పూర్ చేరి అక్కడి నుండి సునౌలీ సరిహద్దు మీదుగా గాని, బీహార్‌లోని రక్సౌల్ చేరి బీర్‌గంజ్ మీదుగా గాని బస్సులో ఖాట్మండు పోవచ్చు. భారత రూపాయలు 100కి నేపాలీ రూపాయలు 160. ఈ మారకం 1993 నుండి మారలేదు. పెద్ద నోట్ల విషయంలో నిబంధనలు మారుతుంటాయి గనుక 100 రూపాయలు, అంతకు తక్కువ నోట్లు దగ్గర ఉంచుకోవడం మేలు. స్వయంభూ కొండ మీద విదేశీయులకు ప్రవేశ రుసుము ఉన్నది. భారతీయులకు అది తక్కువ.

అక్టోబరు, నవంబరు నెలలు యాత్రకు అనుకూలం. వానకాలంలో రాతి మెట్లు జారుతాయి. వైశాఖ పూర్ణిమనాడు బుద్ధ జయంతికి జనం వెల్లువెత్తుతారు. తెల్లవారుజామున వెళితే నేవారు భక్తుల ప్రదక్షిణలు, భజనలు చూడవచ్చు. రద్దీ కూడ తక్కువ.

ఇంటి దగ్గర కోతులు

ఖాట్మండుకు పోనివారికి కూడ ఈ సంగతులు అవసరమే. కోతులు లేని కొండ గుడి మన ప్రాంతాలలో అరుదు. కోతులకూ ఒక సరిహద్దు ఉన్నది. అది మన నేల మీదుగానే పోతుంది. ఉత్తరాదిది పొట్టి తోక, ఎర్రని వెనుకభాగం ఉన్న రీసస్ కోతి. స్వయంభూ కొండ మీదిదీ ఇదే. దక్షిణాదిది పొడుగు తోక, నడినెత్తిన టోపీ పెట్టినట్లు జుట్టు ఉన్న బానెట్ కోతి. ఒకప్పుడు ఈ రెంటి నడుమ గోదావరి హద్దుగా ఉండేది. రీసస్ కోతులు గోదావరిని దాటి దక్షిణానికి విస్తరించాయని, బానెట్ కోతుల చోటు తగ్గుతున్నదని పరిశోధకులు గుర్తించారు.

అడవులు తరిగి, దారి పక్కన పండ్లు విసిరే వాహనాలు పెరిగి కోతులు ఊళ్లపై పడుతున్నాయి. వేరుశనగ, మొక్కజొన్న, కూరగాయలు వేసిన రైతు కాపలా కాయలేక పంటనే మానుకుంటున్నాడు. మహారాష్ట్ర సరిహద్దున ఉన్న నిర్మల్ జిల్లాలో తెలంగాణ ప్రభుత్వం 2020లో కోతుల సంరక్షణ, పునరావాస కేంద్రాన్ని తెరిచింది. పట్టి తెచ్చిన కోతులకు అక్కడ సంతాన నిరోధక శస్త్రచికిత్సలు చేస్తారు. ఇటువంటి కేంద్రాలు ఎన్ని వచ్చినా ఘాట్ రోడ్డులో కారు ఆపి అరటిపండ్ల గెల పంచే పుణ్యాత్ములు ఆగకపోతే ఫలితం అంతంతమాత్రమే. శనివారం నాడు గుడి మెట్ల మీద ఒకరు పెట్టిన పండుకు సోమవారం నాడు పక్క ఊరి రైతు చేను వెల కడుతుంది.

కోతిని దేవుని బంటుగా భావించడంలో తప్పు లేదు. స్వయంభూ కొండ మీద చెట్లు, కోతులు నేటికీ మిగలడానికి ఆ భావమే ఆధారం. అయితే మంజుశ్రీ కథలో ఎక్కడా కోతికి తిండి పెట్టమని లేదు. దానిని హింసించరాదు, అది ఉండే చెట్టును కొట్టరాదు అన్నంతవరకే దాని సారం. చెట్టు ఉంటే కోతి తన తిండి తాను వెతుక్కుంటుంది. కొండ గుడి చుట్టూ మేడి, రావి, మర్రి, నేరేడు మొక్కలు నాటి నాలుగేళ్లు నీరు పోసిన ఊరు కోతులకు పెట్టిన నైవేద్యం తరతరాలు నిలుస్తుంది. దానికి చేనూ బలి కాదు, చేయీ కాటు పడదు.